తోటలో కుక్కలు, పిల్లులు, అడవి జంతువులతో కాపురం: కంచెకన్నా ముందు గిన్నె సంగతి చూడండి

మాది నల్లమల అంచున, గిద్దలూరు వైపు ఐదెకరాల తోట. మామిడి, సీతాఫలం, వానాకాలం కొంత కంది. పట్నం వదిలి వచ్చిన మొదటి ఏడు మేం చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. మోటారు గది పక్కన సిమెంటు తొట్టి ఒకటి ఉండేది. మిగిలిన అన్నం, సంగటి అందులో పోసి ఉంచేవాళ్లం. కుక్క ఆకలేసినప్పుడు తింటుందిలే అని. నెల తిరక్కుండా ఊరకుక్కలు నాలుగు చేరాయి. తొట్టి కింద పందికొక్కులు బొరియలు తవ్వాయి. వాటి కోసం రక్తపింజర వచ్చింది. చలికాలం అడవి పందులు తొట్టిని బోర్లా తోసి నాకి పోయాయి. సంక్రాంతికి ముందు ఒక తెల్లవారుజామున చూస్తే గొలుసు ఉంది, కుక్క లేదు. పక్కన మట్టిలో చిరుత అడుగులు.

అప్పటిదాకా మేం కంచెకి ఎంతవుతుందని లెక్కలు వేసుకుంటున్నాం. పక్క చేను పెద్దాయన వచ్చి తొట్టిని కాలితో తట్టి, "ముందు దీన్నెత్తెయ్ అబ్బాయ్, కంచె సంగతి తర్వాత" అన్నాడు. తొట్టి ఎత్తేశాక మిగతావన్నీ ఒకటొకటిగా దారికొచ్చాయి. నేను నేర్చుకున్న వరుసలోనే కింద రాస్తున్నాను.

1. వారం రోజులు చూడండి, ఏమీ కొనకండి

తోటలోకి ఎవరొస్తున్నారో తెలియకుండా కంచె వేయడం, బోను కొనడం, కుక్కను తేవడం దండగ. జల్లెడ పట్టిన మెత్తటి మట్టి నాలుగు గంపలు సిద్ధం చేసుకోండి. గేటు సందు దగ్గర, నీళ్ల తొట్టి దగ్గర, కోళ్ల గూటి ముందు, ఇంటి వెనక మంచం వెడల్పున అంగుళం మందాన పరిచి, పొద్దుగూకే వేళ చీపురుతో సాపు చేయండి. తెల్లారాక కుక్కను వదలకముందే వెళ్లి చూడండి. ఫోటో తీసేటప్పుడు పక్కన అగ్గిపెట్టె పెట్టండి. లేకపోతే తర్వాత చూసుకుంటే ప్రతి పిల్లి అడుగూ పులి అడుగులాగే కనిపిస్తుంది.

కుక్క, నక్క అడుగుల్లో గోళ్ల గుర్తులు పడతాయి. నక్కది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పిల్లి జాతివన్నీ గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి కాబట్టి గుండ్రటి అడుగు, గోరు లేని వేళ్లు. మనింటి పిల్లి అడుగు రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దది, చిరుతది అరచేయంత. పంది అయితే రెండు గిట్టల వెనక మరో రెండు చుక్కలు, చుట్టూ నాగలితో దున్నినట్టు తవ్విన నేల. రెండువైపులా గోళ్లు, మధ్యలో తోక గీత ఉంటే ఉడుము. గోడ మీదో బండ మీదో పండ్ల గింజలతో నిండిన రెట్ట కుప్పగా ఉంటే పునుగు పిల్లి. మామిడి మొదట్లో బెరడు కొరికేసి ఉంటే ముళ్లపంది.

వారం తర్వాత మీ చేతిలో ఒక జాబితా ఉంటుంది. మా జాబితాలో 9 రకాలు తేలాయి. అందులో మాకు నిజంగా ఇబ్బంది పెట్టేవి మూడే.

2. గిన్నె

రోజుకు రెండు పూటలు. పొద్దున ఒకసారి, సూర్యుడు పడమటి కొండ దిగకముందు ఒకసారి. పావుగంట చూసి, మిగిలినా సరే గిన్నె ఎత్తి కడిగేయండి. మొదటి నాలుగు రోజులు కుక్క అలుగుతుంది, అయిదో రోజు దారికొస్తుంది. రాత్రికి బయట మెతుకు ఉండకూడదు. తవుడు, దాణా, కుక్క తిండి బస్తాలు మూత ఉన్న రేకు డ్రమ్ముల్లోకి మార్చండి. గోనె సంచి, ప్లాస్టిక్ సంచి ఎలుకకు అడ్డం కావు. రాలిన మామిడి, సీతాఫలం సాయంత్రంలోగా ఏరేయండి. చచ్చిన కోడిని గట్టు అవతలికి విసిరేసే అలవాటు ఉంటే మానేయండి. మూడడుగుల గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి.

ఒక ముఖ్యమైన మాట. జాతరకో పెళ్లికో మేకను కోసినప్పుడు ఊపిరితిత్తుల మీద, కాలేయం మీద నీటి బుడగల్లాంటి తిత్తులు కనిపిస్తే వాటిని పచ్చిగా కుక్కకు వేయొద్దు. కుక్క కడుపులో అవి బద్దెపురుగులవుతాయి. వాటి గుడ్లు కుక్క మలంలోంచి మన చేతికి, నోటికి చేరితే మన కాలేయంలో అవే తిత్తులు పెరుగుతాయి. అలాంటి మాంసాన్ని పూడ్చేయండి, లేదా బాగా ఉడికించండి. డాక్టరు చెప్పిన లెక్కన బద్దెపురుగుల మందు వేయించండి.

నీళ్ల సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో అడవిలో చుక్క నీరుండదు. నీళ్లు పెట్టండి, కానీ ఇంటి దగ్గర కాదు. తోట చివర, ఇంటికి కనీసం వంద మీటర్ల దూరంలో లోతు తక్కువ తొట్టి పెట్టి, లోపల ఏటవాలుగా ఒక బండ వేయండి. ఉడుతలు, కౌజు పిల్లలు, తేనెటీగలు మునిగి చావకుండా ఎక్కి వస్తాయి.

3. కుక్కలు: రెండు చాలు

ఐదెకరాలకు రెండు నాటు కుక్కలు సరిపోతాయి. మూడోది వచ్చిందంటే అది గుంపవుతుంది, గుంపు వేటాడుతుంది. మంచు దేశాల కుక్క హస్కీని తెచ్చి మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద కట్టేసినవాళ్లను చూశాను. పాపం అది ఇల్లు కాపలా కాసేదేముంది, దాని ప్రాణం కాపాడటమే ఇంటిల్లిపాదికీ పని. మన నేలకు అలవాటైన కుక్కలే మేలు. కొల్లేరు వైపు బాతుల మందలు తోలేవాళ్ల వెంట తిరిగే జోనంగి కుక్కలు ఇందుకు మంచి ఉదాహరణ. పొట్టి బొచ్చు, ఎండకు ఓర్పు.

టీకాలు. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో డిస్టెంపర్, పార్వో లాంటి వైరస్ జబ్బులన్నిటికీ కలిపిన టీకా మొదలుపెట్టి, నాలుగు నెలలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి ఇప్పించాలి. మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత బూస్టరు, ఆపై ఏటా. ఇది కేవలం మీ కుక్క కోసం కాదు. 2018లో గుజరాత్ గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే 20కి పైగా సింహాలు చనిపోయాయి, వాటిలో డిస్టెంపర్ వైరస్ బయటపడింది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో దాదాపు మూడో వంతు సింహాలు అదే జబ్బుతో పోయాయి. నల్లమల అంచున టీకా లేని కుక్కను పెంచడమంటే ఆ జబ్బును అడవి గడప దాకా తీసుకెళ్లడమే. నక్కలకు, ముంగిసలకు రేబిస్ వస్తుంది. వాటినుంచి మీ కుక్కకూ వస్తుంది.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఆరో నెల నుంచి చేయించవచ్చు. ఆడదానికి తప్పనిసరి. మగదానికి చేయిస్తే ఎదలో ఉన్న కుక్కల వెంట ఊరూరా తిరగడం తగ్గుతుంది. 1962కు ఫోన్ చేస్తే పశువుల సంచార వైద్య వాహనం వస్తుంది. ఆపరేషన్ దానిలో కాకపోయినా ఎక్కడ చేయించాలో వాళ్లను అడగండి.

పిడుదులు (కొన్ని ఊళ్లలో గోమార్లంటారు) మా దగ్గర వానాకాలం తర్వాత విపరీతం. జ్వరం, ముక్కులోంచి రక్తం, తిండి మానేయడం కనిపిస్తే పిడుదుల జ్వరం అనుకుని వెంటనే రక్తపరీక్ష చేయించండి. ఇప్పుడు నెలకొకటో మూడు నెలలకొకటో వేసే బిళ్లలు వచ్చాయి. ధర ఎక్కువైనా స్నానం చేయించే మందులకన్నా నాకివే నయమనిపిస్తాయి, ఎందుకంటే పిల్లులున్న ఇంట్లో పైన పూసే మందులు ప్రమాదం. ఆ సంగతి కింద చెప్తాను.

రాత్రి కుక్కను చెట్టుకు కట్టేయడం కాపలా కాదు, ఎర. మహారాష్ట్రలోని అకోలే వైపు చెరుకు తోటల్లో చిరుతలు ఏం తింటున్నాయో పరిశోధకులు చూస్తే, అన్నిటికన్నా పెద్ద వాటా ఊరకుక్కలదే అయింది. చిరుత తిరిగే చోట పొద్దుగూకాక కుక్క తలుపున్న గదిలోనో, పైకప్పు కూడా మూసిన జాలీ గూటిలోనో ఉండాలి. అక్కణ్నుంచే అది అరుస్తుంది. కాపలాకు కావలసింది ఆ అరుపే. హిమాలయాల్లో గొర్రెల కాపరులు కుక్కల మెడకు ఇనుప ముళ్ల పట్టీ కడతారు. బాగానే ఉంటుంది గానీ తలుపుకు సాటి కాదు.

ఇక వెంటపడటం. పొద్దున మీతో పాటు తోటంతా తిరిగే కుక్క కుందేలు వెనక పరిగెడితే మనకు ముచ్చటేస్తుంది. కానీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెమళ్లు, కౌజులు నేల మీదే గుడ్లు పెడతాయి. ఆ నాలుగు నెలలూ పొదల వైపు వెళ్లేటప్పుడు కుక్కను పదిమీటర్ల తాడుతో పట్టుకోండి. చిన్నప్పుడే "రా" అన్న పిలుపు నేర్పించాలి. పిలిచిన ప్రతిసారీ వేరుశనగ గింజంత ఉడికిన కోడి ముక్క పెట్టండి. వచ్చాక ఎప్పుడూ తిట్టకండి, ఎంత కోపమున్నా సరే. మా పెద్దదానికి ఈ ఒక్క మాట నేర్పడానికి మూడు నెలలు పట్టింది. అడవి పంది ముందు నిలబడ్డ రోజున ఆ మూడు నెలలూ గిట్టుబాటయ్యాయి.

4. ఎవరివీ కాని పిల్లులు

పిల్లులు ఎలుకల్ని పడతాయి, నిజమే. పిచ్చుకల్ని, తొండల్ని, ఉడుత పిల్లల్ని కూడా పడతాయి. పిల్లికి ఆకలి వేరు, వేట వేరు. ఇంగ్లండ్‌లో 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో మాంసం ఎక్కువగా ఉన్న తిండి పెట్టిన ఇళ్లలో పిల్లులు పట్టుకొచ్చే జంతువులు 36 శాతం తగ్గాయి. తగ్గాయంతే, ఆగలేదు. కాబట్టి పిల్లుల్ని తరిమేయడం, లేదా ఊరికే పెరగనివ్వడం కాకుండా, సంఖ్య అదుపులో పెట్టడమే పని.

ముందు అవి నిజంగా ఇంటి పిల్లులేనా చూడండి. మావైపు బావురుపిల్లి అనే అడవిపిల్లి ఉంది. ఇసుక రంగు ఒళ్లు, మచ్చలు లేవు, పొడుగు కాళ్లు, పొట్టి తోక చివర నల్ల వలయాలు, చెవి చివర చిన్న కుచ్చు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు, బోనులో పట్టకూడదు. చెరుకు కోసేటప్పుడు దాని పిల్లలు గింజుకుంటూ దొరికాయని ఇంటికి తెచ్చేసేవాళ్లున్నారు. తల్లి దగ్గర్లోనే ఉంటుంది. ఆ వరుస కోత ఆపేసి, పిల్లల్ని ముట్టుకోకుండా దూరం జరిగితే రాత్రికి అదే మోసుకుపోతుంది. చిరుత పిల్లలైనా ఇంతే, కాకపోతే అటవీశాఖకు చెప్పి మరీ దూరం జరగాలి.

ఇంటి పిల్లుల విషయానికొస్తే వరుస ఇదీ. రెండు వారాల పాటు రోజూ ఒకే వేళకు, ఒకే చోట, కుక్కకు అందని అరుగు మీద తిండి పెట్టండి. ఎన్నున్నాయో, ఏది ఈనింది, ఏది నిండు కడుపుతో ఉందో అప్పుడు తెలుస్తుంది. తర్వాత డాక్టరుతో తేదీ ఖాయం చేసుకుని, ముందురోజు తిండి ఆపి, పొద్దుగూకే వేళ అదే అరుగు మీద ఎండు చేప పెట్టి బోను అమర్చండి. చిక్కగానే బోను మీద గోనె సంచి కప్పండి. చీకటి పడితే పిల్లి చప్పబడుతుంది, లేకపోతే ముక్కు పగిలేదాకా ఇనుపకడ్డీలకు కొట్టుకుంటుంది. ఒట్టి చేత్తో పట్టుకునే సాహసం చేయొద్దు. ఆపరేషన్ అయ్యాక ఎడమ చెవి కొస కొద్దిగా కత్తిరించమని చెప్పండి. మళ్లీ అదే పిల్లిని పట్టకుండా దూరం నుంచే గుర్తుపట్టడానికి. ఒక రోజు చూసి, పట్టిన చోటే వదలండి. నాలుగైదు నెలల వయసుకే ఎద మొదలవుతుంది, రెండు నెలలకు ఈనుతుంది, ఈనిన కొన్ని వారాలకే మళ్లీ చూడి కడుతుంది. కాబట్టి ఆడవాటితో మొదలుపెట్టండి. రెండు నుంచి ఏడు వారాల లోపు పిల్లలు మనిషికి అలవాటవుతాయి, వాటికి ఇళ్లు వెతకవచ్చు. ఆ వయసు దాటాక ఒళ్లో కూర్చోబెట్టుకోవాలనే ఆశ వదులుకోవాలి.

పక్షి గూళ్లున్న చెట్టు కాండానికి కొబ్బరి చెట్టుకు ఎలుకల కోసం కట్టినట్టే రేకు చుట్టండి. పిల్లి ఎక్కలేదు.

మందుల విషయంలో పిల్లి కుక్క కాదు. మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లిని చంపుతుంది. పిడుదులకని కుక్కకు పూసే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషం, ఆ కుక్కను ఆనుకుని పడుకున్నా ప్రమాదమే. గడ్డివాములో, మేకల దాణాలో పిల్లి మలం పడకుండా చూడండి, దానిలోని టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల మేకలు, గొర్రెలు ఈచుకుపోతాయి (కడుపు పోతుంది). ఇంట్లో గర్భిణి ఉంటే ఆ మట్టి పని ఇంకొకరు చేతికి తొడుగు వేసుకుని చేయాలి.

5. ఎలుకల మందు పెట్టకండి

దీనికి విడిగా ఒక భాగం ఇవ్వడానికి కారణం ఉంది. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, తూలుతూ తిరుగుతుంది. దాన్ని పట్టుకున్న గుడ్లగూబ, పిల్లి, ముంగిస, జెర్రిపోతు కూడా పోతాయి. అంటే రోజూ ఉచితంగా ఎలుకలు పట్టే జట్టునంతా మనమే చంపుకున్నట్టు. డ్రమ్ముకు మూత, బొరియకు ఎలుకల బోను, గట్ల మీద గడ్డి కోత చాలు. కలుగులో మందు కలిపిన గింజలు పెట్టినప్పుడు నెమళ్లు తిని చస్తే అది కేసు కూడా. నెమలి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్నది.

6. పాములు

ఎలుక తగ్గితే పాము తగ్గుతుంది. మిగిలేవాటితో జాగ్రత్త. ఇంటి చుట్టూ పది అడుగులు నేల కనిపించేలా ఉంచండి, కట్టెలు, ఇటుకలు గోడకు ఆనించి పేర్చకండి. కట్లపాము రాత్రి ఇంట్లోకి వచ్చి కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి కూడా తెలియకపోవచ్చు. మంచం మీద పడుకుని దోమతెర అంచుల్ని పరుపు కిందకి మడవండి. చీకట్లో అడుగు పెడితే టార్చి, బూట్లు. భారతదేశంలో 2000 నుంచి 2019 మధ్య పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని అంచనా.

కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏవీ వద్దు. ఉంగరం, పట్టీ తీసి, కరిచిన చేయో కాలో కదలకుండా చూస్తూ 108లో ఆసుపత్రికి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటికీ ఒకే విరుగుడు ఇంజెక్షన్ పనిచేస్తుంది కాబట్టి పామును చంపి తీసుకెళ్లాల్సిన పనిలేదు. కుక్కకు మొహం వాచినా అంతే వేగంగా పశువుల డాక్టరు దగ్గరికి. కుక్కలకూ అదే విరుగుడు వాడతారు.

7. కోళ్లు, పందులు, కోతులు, బావి

కోళ్ల గూటికి ఆరు మూలల సన్న జాలీ అడవిపిల్లికి, పునుగు పిల్లికి కాగితంతో సమానం. వెల్డింగ్ జాలీ వాడి, అడుగు లోతున నేలలో దింపండి. పొద్దుగూకేలోగా తలుపు వేయాలి. మేం ఈ పని చేశాక ఏడాదిలో ఒక్క కోడీ పోలేదు. దానికి ముందు నెలకు రెండు పోయేవి, నింద మాత్రం ముంగిసది.

పందులకు కరెంటు తీగ వేయకండి. 230 వోల్టుల లైను నుంచి లాగిన తీగ పందితో పాటు పొరుగు రైతును, మీ సొంత కుక్కను, చీకట్లో నీళ్లు కట్టడానికి వెళ్లిన మిమ్మల్ని కూడా చంపుతుంది, జైలూ ఖాయం. సోలార్ కంచె వేరు. అది ఆగి ఆగి క్షణకాలం దెబ్బ కొడుతుంది, ప్రాణం తీయదు. దాని కింద గడ్డి పెరిగితే కరెంటు నేలకు పోతుంది కాబట్టి నెలకోసారి కోయాలి. చేను చుట్టూ కుసుమ వరుసలు వేసేవాళ్లున్నారు, ఆ ముళ్లకు పందులు కొంత తగ్గుతాయి. పంట పోతే ఫోటోలతో వెంటనే అటవీశాఖకు దరఖాస్తు పెట్టండి.

కోతులకు ఒకే సూత్రం. ఆంజనేయస్వామి అని ఒక్క అరటిపండు పెట్టారో, మర్నాడు ఆయన సైన్యం మొత్తం మీ వంటింట్లో ఉంటుంది. కొండముచ్చును తెచ్చి కట్టేసి కోతుల్ని బెదిరించడం చట్టవిరుద్ధం.

ఒర లేని పాత బావి ఉంటే ఈ ఎండాకాలమే నడుము ఎత్తు గోడ కట్టించండి. అప్పటిదాకా ముళ్లకంప వేసి, లోపలికి ఒక పొడుగాటి తాటిమొద్దును ఏటవాలుగా దించి కట్టండి. పడిన నక్కో కుక్కో పట్టుకుని పైకి రావడానికి.

8. కాటు పడితే

కుక్క, పిల్లి, నక్క, కోతి, ముంగిస ఏది కరిచినా, రక్కినా పుండును ధారగా నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడగాలి. పసుపు, కారం, సున్నం పూయొద్దు, కుట్లు వేయించొద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టండి. 0, 3, 7, 28 రోజుల్లో చర్మంలోకి ఇస్తారు. రక్తం వచ్చిన కాటు అయితే టీకాతో పాటు పుండు చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ కూడా కావాలి, అడిగి వేయించుకోండి. మన కుక్కే కదా, టీకా ఉంది కదా అని ఆగొద్దు. దాన్ని పది రోజులు గమనించండి, కానీ మీ టీకా ఆగకుండా నడవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

9. పొరుగువాళ్లు

చివరికి కుక్కను చంపేది చిరుతకన్నా ఎక్కువగా పొరుగువాడి కోపమే. మీ కుక్క గొర్రెల మందను ఒక్కసారి తరిమితే, రెండోసారి గట్టు మీద గుళికల మందు కలిపిన మాంసం ముద్ద ఉంటుంది. అలా పెట్టడం నేరమే, కానీ కేసు పెట్టినా కుక్క తిరిగి రాదు. మంద వచ్చే వేళ తెలుసుకుని ఆ గంట కుక్కను లోపల ఉంచండి. మెడ పట్టీ మీద మీ ఫోన్ నంబరు రాయించండి. రోడ్డు మీద పట్నం కారు ఆగి ఒక కుక్కను దించేసి వెళ్లిపోతే (మాకు ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది) దాన్ని మరో ఊరికి తోలకండి. ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, ఊళ్లో ఎవరో ఒకరికి అప్పజెప్పండి. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఊరకుక్కను సాధారణంగా ఆపరేషన్ తర్వాత పట్టిన చోటే వదలాలి, పంచాయతీకి చెప్తే ఆ బాధ్యత వాళ్లది.

పక్క చేను పెద్దాయన ఇప్పుడు రోజూ సాయంత్రం మా గేటు ముందు మట్టి సాపు చేసి వెళ్తాడు. పొద్దున మాకన్నా ముందే వచ్చి చూసి, ఏ అడుగు పడిందో కేకేసి చెప్తాడు. నిన్నటిది ఉడుము.